లైబ్రరీలో రోజూ రెండు గంటలా, పరీక్షల ముందు పగలంతానా?

పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చిందంటే లైబ్రరీలో కుర్చీ దొరకదు. అంతకు వారం ముందు అవే కుర్చీలు ఖాళీ. శ్రీకాకుళంలో పీజీ చదివినప్పుడు నేనూ మొదటి సెమిస్టర్‌లో ఆ గుంపులోనే ఉన్నాను. పది రోజులు, పొద్దున తొమ్మిదికి వెళ్తే చీకటి పడ్డాకే లేచేదాన్ని. రాత్రి పడుకుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. పరీక్ష హాల్లో మాత్రం హెడింగ్‌లు గుర్తొచ్చాయి, వాటి కింద రాయాల్సింది రాలేదు.

రెండో సెమిస్టర్ నుంచి క్లాసులయ్యాక రోజూ రెండు గంటలే కూర్చున్నాను. మొదటి ఇరవై నిమిషాలు కొత్త పాఠం ముట్టుకోను. పుస్తకం మూసి, నిన్న చదివింది తెల్లకాగితం మీద రాస్తాను. ఎక్కడ ఆగిపోయానో అక్కడే మళ్లీ చదువుతాను. మొదట్లో చాలా కష్టంగా ఉండేది, సగం పేజీ కూడా నిండేది కాదు. కానీ పరీక్షల నాటికి టెన్షన్ బాగా తగ్గింది.

దీని వెనక కారణం ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివాక చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్లది పైచేయి. రోజంతా చదివిన రాత్రి అన్నీ వచ్చినట్టు అనిపించేది అందుకే. పేజీ చూడగానే తెలిసినట్టుండటం వేరు, పేజీ లేకుండా చెప్పగలగడం వేరు.

కాబట్టి సిలబస్ చదువుకి నా ఓటు రోజూ రెండు గంటలకే. ఫోన్ బ్యాగులో ఉంటేనే సుమా!

ప్రాజెక్టు పనికి మాత్రం పగలంతా కూర్చోవడమే మేలు. కథకుడు కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్లి, పాత పత్రికల్లో ఒక రచయిత కథలు వెతుకుతున్నామనుకోండి. ఒక్కో సంచిక తిరగేసి, నోట్సు రాసుకుని, దారి దొరికేసరికే మధ్యాహ్నమవుతుంది. అక్కడ రెండు గంటలకే లేస్తే రేపు మళ్లీ మొదటికే.

మరి టెక్కలి వైపు నుంచి ఎచ్చెర్ల యూనివర్సిటీ క్యాంపస్‌కి రోజూ బస్సులో వచ్చేవాళ్ల సంగతి? సాయంత్రం రెండు గంటలు ఆగండని వాళ్లకి చెప్పడం అన్యాయం. ఆ బస్సు తప్పితే ఇంటికి ఎప్పుడు చేరతారో! వాళ్లు మధ్యాహ్నం భోజనం అయ్యాక, లేదా క్లాసు లేని పీరియడ్‌లో, ఒక్క గంట కూర్చున్నా చాలు. చదివింది చూడకుండా చెప్పుకోవడానికి బల్ల అక్కర్లేదు. సాయంత్రం బస్సులో సీటు దొరికితే, నరసన్నపేట వచ్చేలోపు ఆ గంట పాఠమంతా మనసులో ఒకసారి అప్పజెప్పుకోవచ్చు.