బరంపురం నుంచి డిక్సన్స్ పినకిల్‌కి: తిథి చూసుకుని బయల్దేరండి

బరంపురం, గోపాలపురం వైపు నుంచి అండమాన్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా రాధానగర్ తీరం చూసి, ఒడ్డు దగ్గర ఒక మునక వేసి వచ్చేస్తారు. 2010లో నీరు వేడెక్కి అక్కడి లోతు తక్కువ పగడాలు చాలా తెల్లబారాయి. ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లాక సముద్రంలో మునిగి ఉన్న డిక్సన్స్ పినకిల్ అనే గుట్టల దగ్గర స్కూబా డైవ్ చెయ్యాల్సిందే. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) నుంచి డుంగీలో (అక్కడి చెక్క మోటారు పడవ) గంటకు పైగా ప్రయాణం. 30 మీటర్లకు మించిన లోతు నుంచి లేచిన మూడు రాతి గుట్టలు అవి. శిఖరాలే 18 మీటర్ల దగ్గర మొదలవుతాయి.

అందుకే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) చాలదు, దాని హద్దు 18 మీటర్లు. దాని పై మెట్టు అడ్వాన్స్‌డ్ ఉండాలి. మొదటిసారి మునిగేవాళ్లనూ తీసుకెళ్తామనే దుకాణం మెట్లు దిగిపోండి.

గాలి లెక్క ముందే వేసుకోండి. అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 11 లీటర్ల చోటు, గాలి ఒత్తిడి 200 బార్. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలి కాబట్టి చేతిలో ఉండేది 1650 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలవడంతో 80 కావాలి, అంటే పైకొచ్చే సమయంతో కలిపి 20 నిమిషాలే. అదే 18 మీటర్ల దగ్గరైతే అరగంట దాకా వస్తుంది. పైగా మెత్తటి పగడాలు, బ్యాట్‌ఫిష్, ఫ్యూసిలియర్ చేపల గుంపులు శిఖరం చుట్టూ పుష్కలంగా ఉంటాయి. అడుక్కి దిగి గాలి తగలెయ్యకండి. టార్చి తప్పనిసరి: అది వెయ్యందే ఆ లోతులో ఎరుపు బూడిదరంగులోనే కనిపిస్తుంది.

ఇక్కడ పని చెడేది ప్రవాహంతోనే. ఆ పగడాలు బతికేదీ అది తెచ్చే తిండితోనే. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి రెండు మూడు రోజులు పోటు జోరుగా ఉంటుంది. అష్టమి నుంచి దశమి దాకా నెమ్మదిస్తుంది. గోపాలపురం జాలర్లకు ఇది కొత్త సంగతి కాదు, మనం మాత్రం సెలవులు చూసి టికెట్ కొంటాం. జనవరి నుంచి ఏప్రిల్ లోపు పంచాంగం ముందు పెట్టుకుని కొనండి. పడవ నుంచి కిందికి వేసిన తాడు పట్టుకునే దిగండి, మీటరుకోసారి ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోండి. చెవి తెరుచుకోకపోతే కాస్త పైకి రండి, బలవంతంగా ఊదితే కర్ణభేరి చిట్లుతుంది. జలుబుంటే ఆ రోజు వదిలెయ్యండి. పడవలో వాంతులకు మగత తెచ్చే మాత్ర వేసుకోవద్దు, లోతులో నైట్రోజన్ మత్తుకు అది తోడవుతుంది. తిరుగు దారిలో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. తాడు తప్పితే పడవకు ఆనవాలు మీ సిగ్నల్ బెలూనే, ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉండాలి.

అక్కడ తీరాలను నంబర్లతో పిలుస్తారు; బస 7వ నంబరు రాధానగర్‌లో వద్దు. తీరం అందమైనదే, కానీ డైవ్ దుకాణాలు ఎక్కువగా ఉన్నది 3, 5 నంబర్ల వైపు. పడవలు పొద్దున్నే బయల్దేరతాయి, చీకట్లో ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాలి. 5వ నంబరులో మామూలు గుడిసె గదైనా నయం. నగదు దగ్గర ఉంచుకోండి.

చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు గడవాలి. ఆ రోజును శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) కేటాయించండి. అక్కడ శ్రీకాకుళం, విశాఖ మూలాలున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, భాష ఇబ్బంది ఉండదు. విశాఖ ఓడ ఎక్కేవాళ్లకు ఈ నియమం వర్తించదు గానీ, ఆ ఓడ నెలకోసారి దొరకడమే కష్టం.