లేయర్ మాస్క్‌తో కుటుంబ ఆల్బమ్: చాలాకాలం వాడిన మీదట నా అభిప్రాయం

లేయర్ మాస్క్, అంటే పేజీలో ఒకదాని మీద ఒకటి పేర్చే ఫొటో పొరల్లో (లేయర్లలో) కావలసిన భాగాన్నే కనిపించనిచ్చే ముసుగు, లేని సాఫ్ట్‌వేర్‌లో ఆల్బమ్ పేజీ చేయమంటే ఇప్పుడు నా వల్ల కాదు. విజయవాడలో ఇంట్లో కూర్చుని కుటుంబపు పాత ఫొటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీలు చేయడం నాకు కొన్నేళ్లుగా వ్యాపకం. ఆ పనంతా గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే సాగుతోంది. గింప్ ఉచితమనీ, దాని మెనూలు కొత్తవారిని తికమక పెడతాయనీ అందరికీ తెలిసినదే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఫొటోషాప్‌లోనూ, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియాలోనూ మాస్క్ ఉన్నది కనుక, ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం అవి వాడేవారికి కూడా పనికివస్తుంది.

మాస్క్ దేన్నీ చెరపదు, దాచిపెడుతుంది అంతే. నా ఇష్టానికంతటికీ మూలం ఇదే. మాస్క్ మీద తెలుపు ఉన్నచోట ఆ లేయర్‌లోని ఫొటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట కనిపించదు, నడుమ ఉండే బూడిద రంగుల గాఢతను బట్టి సగమో పావో కనిపిస్తుంది. ఎరేజర్‌తో తుడిచేసి, ఫైలు మూసేసిన తర్వాత చీర కొంగును తిరిగి తెచ్చుకునే దారి లేదు. మాస్క్‌తో దాచిన కొంగు మీద నెల తర్వాత తెలుపు పూసినా అది ఎప్పటిలాగే వచ్చి కూర్చుంటుంది. ఫొటోను స్కాన్ చేసుకున్న వెంటనే పిన్నికో బాబాయికో తిరిగి ఇచ్చేయవలసిన నాబోటివారికి ఈ భరోసా చిన్నది కాదు.

ఇంతకంటే పెద్ద ఆనందం చాలా ఆలస్యంగా తెలిసింది. మాస్క్‌ను బ్రష్‌తోనే పూయాలని లేదు. ఏ నలుపు తెలుపు బొమ్మనైనా తెచ్చి మాస్క్‌గా అతికించవచ్చు. సంక్రాంతికి మా అమ్మ వాకిట్లో వేసిన చుక్కల ముగ్గును మేడ మీద నుంచి నిటారుగా ఫోన్‌తో తీశాను. కళ్లాపి చల్లిన నేల ముదురుగా, ముగ్గుపిండి తెల్లగా ఉండడం వల్ల సగం పని అమ్మే చేసిపెట్టినట్టయింది. ఆ ఫొటోలో రంగులు తీసేసి, లెవెల్స్‌లో (వెలుగు నీడలను సర్దే పరికరం) నేలను పూర్తి నలుపుకూ గీతలను పూర్తి తెలుపుకూ నెట్టి, ఆ బొమ్మను మంగళగిరి చీర జరీ అంచు ఉన్న లేయర్‌కు మాస్క్‌గా అతికించగానే, ముగ్గంతా జరీతో నేసినట్టుగా పేజీ మీద తేలింది. జరీని స్కానర్ మీద పెడితే మెరుపు పోయి మసిబారినట్టు వస్తుంది కాబట్టి, దాన్ని కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో కెమెరాతో తీసుకోవడమే మేలు. అదే ముగ్గును స్క్రీన్ అనే బ్లెండ్ మోడ్‌లో, అంటే కింది పొరతో కలిసే ఒక పద్ధతిలో, పెట్టినా నలుపు మాయమై తెల్ల గీతలు మిగులుతాయి. అయితే ఆ గీతల్లోకి ఒకసారి జరీని, ఒకసారి పసుపు గుడ్డను, ఒకసారి పాత ఉత్తరం కాగితాన్ని మార్చి చూసుకునే వీలు మాస్క్‌కే ఉన్నది. డబ్బు పెట్టి కొనే స్క్రాప్‌బుక్ కిట్లలో గులాబీలూ రిబ్బన్లూ లేసులూ దండిగా ఉంటాయి గానీ మా వాకిలి ముగ్గు ఉండదు. ఈ కిటుకు పట్టుబడ్డాక కిట్లు కొనడం దాదాపు మానేశాను.

ఇక మాస్క్ నాకు ఎంత తృప్తినిచ్చిందో అంత తలనొప్పినీ తెచ్చిన పని ఒకటి ఉన్నది. మా పెద్ద మామయ్య షష్టిపూర్తికి ఆల్బమ్ చేసే బాధ్యత నా మీద పడింది. ఆయన ఫొటోలు వెతుకుతుండగా 1980, 1992, 2004, 2016 కృష్ణా పుష్కరాలు నాలుగింటిలోనూ దుర్గా ఘాట్ దగ్గర తీసినవి దొరికాయి. మొదటిది నలుపు తెలుపు, తర్వాతి రెండూ కలర్ ప్రింట్లు, చివరిది ఫోన్ ఫొటో. నాలుగింటిలోనూ వెనుక ప్రకాశం బ్యారేజీ ఉన్నది. 12×36 అంగుళాల షీట్ మీద ఎడమ నుంచి కుడికి కృష్ణ ఒకే ప్రవాహంగా సాగుతూ ఉండాలని, అందులో ఆయన పన్నెండేళ్లకొకసారి వచ్చి నిలబడినట్టు కనిపించాలని అనుకున్నాను. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఆ షీట్ 10800×3600 పిక్సెళ్లు అవుతుంది. పోస్ట్‌కార్డు సైజు పాత ప్రింట్‌ను, అంటే 3.5×5 అంగుళాలదాన్ని, 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2100×3000 పిక్సెళ్లు వస్తాయి కాబట్టి 7×10 అంగుళాల వరకు నిశ్చింతగా పెంచుకోవచ్చు. అంతకు మించితే ముఖాలు అలుక్కుపోతాయి.

ముందుగా బ్యారేజీయే కొలబద్ద అయింది. దాని స్తంభాల మధ్య ఎడం ఒక్కొక్క ఫొటోలో ఒక్కొక్క రకంగా ఉన్నది. వాటిని ఒక తీరుకు తెచ్చేలా ఫొటోలను పెంచి తగ్గించి, వంతెన గీతను ఒకే మట్టానికి తెచ్చిన తర్వాతే మాస్క్‌లు మొదలుపెట్టాను. 1992 నాటి ప్రింట్ ఎర్రబారిపోయి ఉన్నది. ఆ కాలపు కలర్ ప్రింట్లు ఆల్బమ్‌లో చీకట్లో ఉన్నా వాటిలోని నీలి ఛాయ రంగు తక్కినవాటికంటే ముందుగా వెలిసిపోవడం సాధారణం, మిగిలినది ఎరుపుగా కనిపిస్తుంది. మొత్తం ఫొటోకు ఒకేసారి రంగు మార్చితే ఫలితం ఉండదు. లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా సరిచేస్తే పంచె తెల్లబడింది, నీరు నీరులా కనిపించింది. రెండు ఫొటోలు కలిసేచోట గ్రేడియంట్ టూల్‌తో మాస్క్ మీద నలుపు నుంచి తెలుపుకు ఒక గీత లాగితే కలిసిపోతాయని చాలా పాఠాల్లో చెబుతారు. నిజమే, కలుస్తాయి, కానీ నడుమ పొగమంచు పట్టినట్టు ఒక పట్టీ మిగులుతుంది, పుష్కరాల ఎండలో మంచు ఎక్కడిది? అందువల్ల గ్రేడియంట్‌ను ఇరుకుగా వేసి, ఆ మాస్క్ మీదే గరుకు అంచున్న బ్రష్‌తో అలల వాలు వెంబడి నలుపూ తెలుపూ విడివిడిగా అద్దుకుంటూ పోయాను. అతుకు ఎక్కడ ఉందో నాకే వెంటనే కనిపించనంత బాగా కుదిరింది. షీట్ సరిగ్గా మధ్యలో, అంటే 18 అంగుళాల దగ్గర, మడత పడుతుంది కాబట్టి అక్కడ ముఖం రాకుండా నీళ్లే ఉంచాను.

జేపీజీలు చేసి నగరంలోని ఒక కలర్ ల్యాబ్‌కు ఇచ్చాను. ఆల్బమ్ సరిగ్గా వేడుక ముందురోజు చేతికి వచ్చింది. పుష్కరాల షీట్ తెరిచి చూస్తే, కావాలని పెట్టుకున్న లేత గోధుమ ఛాయ పోయి పేజీ అంతా నీలి తెలుపుకు తిరిగింది. అంతకంటే విచిత్రమేమిటంటే, 2004 నాటి ఆకాశంలో, బ్యారేజీ పైన, ఒక మనిషి లీలగా నిలబడి ఉన్నాడు. 1992 ఫొటోలో మామయ్య వెనుక తడి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిన ఎవరో అపరిచితుడు ఆయన. మాస్క్‌లో దాచిన ఆ మనిషి తువ్వాలుతో సహా తిరిగి ప్రత్యక్షమయ్యాడు. మా అత్తయ్య ఆ షీట్ చూసి, కాలం చేసిన తమ మామగారిని నేను కావాలనే ఆకాశంలో పెట్టాననుకుని, కళ్లు తుడుచుకుని దండం పెట్టుకున్నారు. ఆ క్షణంలో కాదని చెప్పగలిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? ల్యాబ్‌వారిని అడిగితే తామేమీ ముట్టుకోలేదన్నారు. గట్టిగా అడిగిన మీదట, వచ్చిన ప్రతి ఫైలుకూ యంత్రం దానంతటదే రంగూ వెలుగూ సరిచేస్తుందని, అది తమ దగ్గర మామూలేనని ఒప్పుకున్నారు. అడగకుండా సరిచేయడం మీద నాకు ఇప్పటికీ కోపమే. పెళ్లిలో హడావిడిగా తీసిన ఫొటోకు అది మేలు చేస్తుందేమో గానీ, ఒక్కొక్క రంగు చూసి పెట్టుకున్న పేజీకి కీడే చేస్తుంది.

అయితే యంత్రమేమీ లేని మనిషిని కొత్తగా సృష్టించలేదు, ఉన్న మరకను ముదురు చేసింది. కారణం బ్రష్‌లో ఉన్నది. మెత్తని అంచుల కోసం అందరం బ్రష్ ఓపాసిటీని, అంటే పూత గాఢతను, 50 శాతానికి తగ్గించి పూస్తాం. ప్రతి పూతా మిగిలినదాంట్లో సగాన్నే దాచుతుంది: తెలుపు 255తో మొదలైతే అయిదు పూతల తర్వాత కూడా మాస్క్‌లో 8 మిగులుతుంది, అంటే ఫొటో 3 శాతం కనిపిస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ తెర మీద లేత ఆకాశంలో ఆ 3 శాతం కంటికి ఆనదు. కాంట్రాస్ట్ పెంచే యంత్రం కింద పడ్డాక ఆనుతుంది. అప్పటి నుంచి ప్రతి మాస్క్‌నూ చివరలో విడిగా చూస్తున్నాను: లేయర్ల జాబితాలో మాస్క్ బొమ్మ మీద ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే ఫొటో బదులు మాస్కే తెర నిండా కనిపిస్తుంది, మెనూలోనూ ఆ ఆజ్ఞ ఉన్నది. అలా చూస్తూ, మాస్క్ మీదే లెవెల్స్ తెరిచి, నలుపు కొసను 15 దాకా, తెలుపు కొసను 240 దాకా జరిపితే మరకలు పూర్తి నలుపులో కలిసిపోతాయి, మెత్తని అంచులు మాత్రం నిలుస్తాయి. ఆ షీట్‌ను కరెక్షన్ వద్దని రాసి ఇచ్చి మళ్లీ వేయించాను. మొదటి షీట్‌ను మా అత్తయ్య ఇవ్వనన్నారు. అది ఇప్పుడు వారి బీరువాలో ఉన్నది.

దేన్నీ చెరపదు అన్నానుగానీ, ఆ మాట లేయర్లను విడివిడిగా దాచే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలును భద్రంగా ఉంచుకున్నంతవరకే చెల్లుతుంది. జేపీజీగా మార్చగానే లేయర్లన్నీ ఒక్కటైపోతాయి. మాస్క్‌కున్న ఆ గొప్పదనం కూడా మునుపున్నంత ఏకఛత్రాధిపత్యంగా లేదు: 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్లను సైతం తర్వాత మార్చుకునేలా, తీసేసుకునేలా చేశారు. జుట్టు విషయంలో మాస్క్ నన్ను ఎన్నడూ సంతోషపెట్టలేదు. జడలోని మల్లెపూలు తెల్లని ఆకాశం మీద ఉంటే, వెనుక భాగం నుంచి బొమ్మను వేరుచేసే ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్‌తో ఎంపిక చేసి దాన్ని మాస్క్‌గా మార్చుకున్నా, చివరకు ఒక్కొక్క పువ్వునూ చేత్తో సరిదిద్దుకోవలసిందే. నీడల సంగతి ఇంకొకటి. గింప్‌లో నీడ వేసే డ్రాప్ షాడో ఫిల్టర్ మాస్క్ అంచును పట్టించుకోకుండా లేయర్ అసలు అంచుకే నీడ వేస్తుంది. అందుకని మాస్క్‌ను సెలెక్షన్‌గా మార్చి, కింద కొత్త లేయర్‌లో నలుపు నింపి, గాసియన్ బ్లర్‌తో మసకబరిచి, కాస్త పక్కకు జరుపుకుంటాను. పేజీకి అంటుకుని ఉన్న కాగితానికి సన్నని, ముదురు నీడ, పైకి లేచినట్టు కనిపించవలసిన పువ్వుకు దూరంగా పరుచుకున్న లేత నీడ, అన్నిటికీ వెలుగు ఒకే వైపు నుంచి; ఈ మూడూ పాటిస్తే ఏ డ్రాప్ షాడో అక్కరలేదు.

తెలుగు శీర్షికల గురించి ఒక్క మాట. మన డీటీపీ కేంద్రాల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి అక్కడ టైపు చేయించిన పాఠాన్ని గింప్‌లో అతికిస్తే గజిబిజి అక్షరాలే వస్తాయి. మండలి, రామభద్ర, సూరన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో ఒత్తులూ గుణింతాలూ చక్కగా పడతాయి, అక్షరాల లోపలికి ఫొటోను మాస్క్ చేసినా బాగుంటుంది.

ఇంతా చెప్పి అందరూ దీన్నే వాడమని అనలేను. 10800×3600 షీట్‌లో పూర్తి పరిమాణపు లేయర్ ఒక్కటి 8 బిట్ల లెక్కన దాదాపు 155 మెగాబైట్లు, దాని మాస్క్ మరో 39 మెగాబైట్లు తీసుకుంటుంది. 8 జీబీ మెమరీ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో పది లేయర్లు దాటాక ప్రతి పూతకూ కాసేపు ఆగవలసి వస్తుంది. ఉద్యోగ విరమణ చేసినదాన్ని కాబట్టి ఆగగలను. ముహూర్తాల సీజన్‌లో రాత్రికి రాత్రి ఆల్బమ్‌లు దింపే స్టూడియోవారికి రెడీమేడ్ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) షీట్లే నయం. వాటిని గింప్ తెరుస్తుంది గానీ ఫొటోషాప్ లేయర్ స్టైళ్లు (లేయర్‌కు తగిలించే నీడ, అంచు వంటి హంగులు) చాలావరకు అలాగే రావు. గింప్ ప్రధానంగా ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతిలో) పనిచేసేది కావడం ఫొటో కాగితం మీద వేసే షీట్లకు అడ్డు కాదు, ల్యాబ్‌లు అడిగేది ఆ పద్ధతిలోని ఎస్‌ఆర్‌జీబీ జేపీజీయే. నాలుగు సిరాల రంగులతో (సీఎంవైకే) ఆఫ్‌సెట్‌లో వేసే శుభలేఖలైతే ప్రెస్‌వారితో ముందే మాట్లాడుకోవాలి. ఏడాదికి ఒకటో రెండో ఆల్బమ్‌లు, అవీ ఇంటివారి కోసమే చేసుకునేవారు మాత్రం గింప్‌ను ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. షీట్లన్నీ ఒకేసారి ఇవ్వకుండా, మాస్క్‌లు ఎక్కువగా ఉన్న పేజీలో ఒక ముక్కను 4×6 సైజులో అదే ల్యాబ్‌లో వేయించి, పగటి వెలుతురులో చూసిన తర్వాతే మిగిలినవి పంపడం మంచిది.