బొమ్మలు గీసేవారూ ఫొటోలు తీసేవారూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఏం చూడాలి?

హైదరాబాద్‌లో మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవారిలో చాలామంది ఒక్క పూటలో గదులన్నీ గబగబా చుట్టేసి, అక్కడి పేరొందిన పాత గడియారం గంట కొట్టడం చూసి తిరిగి వస్తారు. బొమ్మలు గీసేవారు, కెమెరా పట్టినవారు మాత్రం అలా చూడకూడదని, నాలుగు వస్తువులను ఎంచుకుని సమయమంతా వాటి ముందే గడపాలని నా గట్టి అభిప్రాయం. నిజాముల దగ్గర ప్రధానులుగా పనిచేసిన సాలార్‌జంగ్ కుటుంబంలో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవి, ఆయన పెద్దల నుంచి వచ్చినవి కలిసి 1951లో వారి పాత నివాసం దివాన్ దేవిడీలో ప్రదర్శనకు వచ్చాయి. 1968లో ఇప్పటి భవనానికి చేరాయి. ఒకే ఇంటివారి అభిరుచి కావడం వల్లనే యూరప్ పాలరాయి, దక్కనీ చిత్రం, బీదరు పనితనం ఒకే కప్పు కింద చూసే అవకాశం మనకు దక్కింది.

ముందుగా చూడవలసినది మేలిముసుగు రెబెకా, అంటే ముసుగు వేసుకున్న బైబిల్ కథలోని రెబెకా విగ్రహం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పలుచని ముసుగు వెనుక కళ్లు, ముక్కు, పెదవులు ఉన్నట్టే కనిపిస్తాయి కానీ, నిజానికి అక్కడున్నది ఒకే రాతి ఉపరితలం. కనురెప్పల దగ్గర, పెదవుల దగ్గర చెక్కడం మెత్తగా ఉంటుంది. ముసుగు మడతల దగ్గర పదునుగా ఉంటుంది. మెత్తని నీడ వెనుక ఉందని, పదునైన నీడ ముందుందని మన కన్ను తనంతట తానే నిర్ణయించుకుంటుంది. ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా, మెల్లగా పక్కకు జరుగుతూ ఆ నీడలు మారే తీరును గమనించండి. పొగమంచు వేళ అరకు కొండలను ఫొటో తీసేవారికి పనికివచ్చే పాఠం కూడా ఇదే: దూరపు కొండల అంచు కరిగిపోతుంది, దగ్గరి చెట్టు కొమ్మ నల్లగా నిలబడుతుంది, ఆ తేడాలోనే లోతు పుడుతుంది.

జర్మన్ కవి గోథే నాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలైన సైతాను మెఫిస్టోఫిలిస్‌ను ముందు, యువతి మార్గరెట్టాను వెనుక ఒకే దుంగలో చెక్కిన కొయ్య బొమ్మ ప్రసిద్ధమైనదే. వెనుక ఉన్న అద్దాన్ని కూడా కలుపుకుని ఫ్రేమ్ కట్టడం మంచి అభ్యాసం. అంతకు మించి అక్కడ ఆగనక్కరలేదు.

ఆగవలసినది బీదరు పని ముందు. జింకు ఎక్కువగా, రాగి తక్కువగా కలిపిన లోహంలో వెండిని పొదిగి, చివరకు బీదరు కోట మట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్‌తో) కలిపి పట్టిస్తారు. దానితో లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. హుక్కా కుండ మీద ఒక పువ్వును దగ్గరగా చూడండి: రేకుల మధ్య వదిలిన సన్నని నల్లని సందులే ఆ పువ్వుకు రూపం ఇస్తున్నాయని తెలుస్తుంది. నలుపు తెలుపుల్లో ఫొటోలు తీసేవారికి, చీర అంచులకు డిజైన్లు వేసేవారికి ఖాళీ స్థలం విలువను ఇంత స్పష్టంగా నేర్పే వస్తువు మరొకటి నాకు తెలియదు. ఇక దక్కన్ సుల్తానుల కాలంలో వికసించిన దక్కనీ చిత్రాల్లో బంగారు పూత పక్కన ఊదా, గులాబీ రంగులు ఎలా కుదిరాయో చూసి, ఆ జోడీలను పుస్తకంలో రాసుకోవాలి. చిన్న చిత్రాలు కాబట్టి, అద్దం మీద వెలుగు పడుతుంది కాబట్టి ఇక్కడ ఫోన్ కంటే పెన్సిలే మేలు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. సాయంత్రం బయటకు వచ్చాక మూసీ మీది నయాపూల్ వంతెనపై నిలబడి పడమటికి చూస్తే ఎడమన హైకోర్టు గుమ్మటాలు, కుడిన ఉస్మానియా ఆసుపత్రి ఎదురెండలో నీడబొమ్మలై కనిపిస్తాయి. కెమెరాకు పని అక్కడ పెట్టవచ్చు. లోపల ఉన్నంతసేపు ఒక్క విషయం గుర్తుంచుకోండి: గంట కొట్టే వేళకు జనం గడియారం దగ్గర గుమిగూడతారు కాబట్టి, రెబెకా ముందు నిదానంగా నిలబడటానికి ఆ సమయాన్నే ఎంచుకోండి.