అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన మడక

పోయిన నెల ఒక ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ పాత పుస్తకాల వరసలో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం దొరికింది. వ్యవసాయ పదాలది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. అమ్మే అతను 500 అన్నాడు. "సేద్యం పుస్తకం సార్, ఎరువులూ మందులూ అన్నీ ఉంటాయి" అని కూడా అన్నాడు. 350కి తెగింది.

ముందు సరుకు సంగతి. వెన్ను ఊడింది, చివరి పేజీలకు పురుగు రంధ్రాలు, తిప్పినప్పుడల్లా అంచులు పొడిగా రాలి ఒళ్లో పడుతున్నాయి. కొన్న రోజే దారం కుట్టి, ట్రేసింగ్ పేపర్ అట్ట వేశాను. ఇప్పుడు పర్వాలేదు.

లోపలున్నవి ఎరువులూ మందులూ కాదు, రైతుల మాటలు. ఏ మాట ఏ ప్రాంతంలో అంటారో అదీ ఉంది. కోస్తావాళ్ల నాగలి మా అనంతపురంలో మడక. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడేదాన్ని మేం కపిల అంటాం, తెలంగాణలో మోట. బళ్లో మడక అని రాస్తే మా అయ్యవారు కొట్టేసి నాగలి అని దిద్దినారు. ఆ ఎర్ర సిరా గీత నాకింకా గుర్తు. అచ్చులో, ఒక భాషా శాస్త్రవేత్త పుస్తకంలో ఆ మాట కనబడేసరికి, అబద్ధమెందుకు, కాస్త గర్వమే వచ్చింది.

భద్రిరాజు గారి గురించి ఎవరు మాట్లాడినా పెన్సిల్వేనియాలో డాక్టరేట్ చేశారనీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 1986 నుంచి 1993 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారనీ, 2003లో కేంబ్రిడ్జ్ వాళ్లు ద్రావిడ భాషల మీద ఆయన పుస్తకం వేశారనీ చెప్తారు. అవన్నీ పెద్ద పనులే. 2012లో ఆయన పోయినప్పుడు నేను చదివిన నివాళుల్లోనూ అవే. నాకు మాత్రం కర్రు, మేడి (మడక భాగాలు), జడ్డిగం (విత్తేటప్పుడు గింజలు పోసే గిన్నె) లాంటి మాటల కోసం ఊళ్లకు మనుషుల్ని పంపిన మనిషి ఎక్కువ నచ్చాడు. తెలుగు నాలుగు మాండలికాలని ఇప్పుడు పిల్లలు పరీక్షల్లో రాసే విభజనకు ఆధారం ఇలా పోగుచేసిన వృత్తి పదాలే.

హాయిగా చదువుకునే పుస్తకం కాదు, ముందే చెప్తున్నా. ఇది నిఘంటువు. ఊళ్లో సేద్యం చేసినవాళ్లు పక్కన ఉంటేనే రుచి. నేను రోజూ రాత్రి నాయనకు ఫోన్ చేసి ఒక పేజీ చదువుతున్నా. గొర్రు, గుంటక అంటే చాలు, ఆయన అరగంట చెప్తాడు. గొర్రుతో శెనక్కాయ విత్తేటప్పుడు జడ్డిగంలో గింజలు పోసే పని మా అమ్మదట. ఆమె చేతిలోంచి గింజలు వదిలే తీరును బట్టే సాలు ఒత్తుగా పడిందో పలచగా పడిందో తెలిసేదట. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

చేనేత సంపుటం 1971లో వచ్చింది, అదీ భద్రిరాజు గారిదే. వాస్తు పదాలది బూదరాజు రాధాకృష్ణ చేశారు. రెండూ కావాలి. ఎక్కడైనా కనబడితే బేరమాడకుండా తీసుకోండి. నాలాగా 150 తగ్గించానని సంబరపడొద్దు, ఇంటికొచ్చాక సిగ్గేసింది.

నిన్న రాత్రి నాయన మధ్యలో ఆపి, "ఇది రాసినాయన మన పక్కకొచ్చినాడారా?" అన్నాడు.

"ఆయనో, ఆయన మనుషులో ఎవరో వచ్చింటారు నాయనా. అరవయ్యేళ్ల పైమాట."

"అప్పుడు మడక పట్టేటోళ్లంటే..." అని, మా జేజినాయనతో మొదలుపెట్టి ఊళ్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు.