కార్మైన్ జ్యూయెల్: గడ్డకట్టే చలిలో పుల్లచెర్రీ మొక్క

చలి తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో పుల్లచెర్రీ కావాలని అడిగేవారికి నర్సరీలు తరచుగా చూపించే రకం కార్మైన్ జ్యూయెల్. మామూలు పుల్లచెర్రీని, పొట్టిగా పెరిగే స్టెప్పీ మైదానాల చెర్రీతో సంకరపరచి రూపొందించిన ఈ రకాన్ని కెనడాలోని సస్కాచవన్ విశ్వవిద్యాలయం 1999లో విడుదల చేసింది. ఇది చెట్టుగా కాక, సుమారు రెండు మీటర్ల ఎత్తు పొదగా పెరుగుతుంది కాబట్టి నిచ్చెన లేకుండానే కాయలు కోసుకోవచ్చు.

నేను కొన్న మొక్కకు కట్టిన చీటీలో మైనస్ 40 డిగ్రీల చలినైనా తట్టుకుంటుందని మాత్రమే ఉంది. ఆ మాట నిజమే. పైగా ఇది సాధారణంగా అంటు మొక్క కాక సొంత వేర్లపై పెరిగేది కావడంతో, పై కొమ్మలు చలికి చచ్చినా మొక్క మొదలు నుంచి మళ్లీ అదే రకం చిగురిస్తుంది. అయితే పంటను దెబ్బతీసేది నడిచలికాలం కంటే ఎక్కువగా వసంతంలో ఆలస్యంగా కురిసే మంచు. విప్పారిన పూలకు మైనస్ 2 డిగ్రీల చలి కూడా ప్రమాదమే. రేకులు తెల్లగా, తాజాగా కనిపిస్తున్నా, పువ్వు మధ్యలోని అండకోశం నల్లబడి ఉంటే ఆ పువ్వు కాయ కట్టదు. చల్లగాలి పల్లంలో నిలుస్తుంది కనుక, నీరు నిలవని ఏటవాలు నేలలో నాటడం మేలు. చీటీలో తప్పక ఉండవలసిన ఈ ముక్క లేకపోవడం పెద్ద లోపమే.

పండు విషయంలో కూడా ఓర్పు అవసరం. కాయ పక్వానికి చాలా ముందే ఎర్రబడుతుంది. అప్పుడే కోస్తే పులుపు తప్ప మరేమీ తెలియదు. తొక్క దాదాపు నల్లగా మారి, కొరికినప్పుడు లోపలి గుజ్జు సైతం ముదురు ఎరుపులో కనిపించేదాకా ఆగితే పులుపు వెనుక తీపి తెలుస్తుంది. టెంక చిన్నది, గుజ్జు ఎక్కువ. జామ్‌కు, రసానికి దీన్ని మించినది కోరనక్కర్లేదని నా అభిప్రాయం. పక్షులు మాత్రం మనలా ఆగవు, వల కప్పాల్సిందే.

ఇది స్వపరాగ సంపర్క రకం కాబట్టి, కాయ పట్టడానికి జతగా మరో మొక్క కొనాల్సిన పని లేదు. కోతకాలం ఇంకొంత సాగాలనుకుంటే మాత్రం, దీని తర్వాత పండే రోమియో రకాన్ని పక్కన నాటుకోవచ్చు.