అంచులు తీసిన సానరాయి అని నమ్మి కొన్నాను, మీరు మోసపోకండి

పర్లాకిమిడి, పాతపట్నం వైపు మంగలికత్తి నూరుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి తెలుసు. జపాన్ సానరాళ్లు తెప్పిస్తానని, రాయి అంచుల మొన కూడా అరగదీసి నున్నగా చేసి ఇస్తానని వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాడే. పేరు రాయను.

ఒకవైపు 1000 నంబరు గరుకు, ఇంకోవైపు 8000 నంబరు నునుపు ఉన్న రాయి. 3,900 రూపాయలు. అంచులు తీసినందుకు ఇంకో 300. మొత్తం ముందే కట్టించుకున్నాడు. నాది సెలూన్. వచ్చేవాళ్లకు బ్లేడు మార్చే కత్తే వాడతాను. మా తాత వాడిన జర్మనీ సోలింగెన్ కత్తి మాత్రం నా గడ్డానికే. దాని పిడి విరిగిపోతే, మన ఊళ్లో కొమ్ముపని చేసే ఒక ముసలాయన చేత గేదె కొమ్ముతో కొత్త పిడి వేయించుకున్నాను. అంత ప్రాణంగా చూసుకుంటున్న కత్తి.

రాయి వచ్చింది. అంచులు నల్లగా మెరుస్తున్నాయి, వార్నిష్ పూశారు. చూసి బాగానే ఉందనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉండి, ఆ అంచు మీద ఒక్కసారి గోరు పెట్టి చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

నూరేవాళ్లకు తెలుసు, వాదర (కత్తికి పదునుండే అంచు) పొడవు రాయి వెడల్పు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. అందుకే ఏటవాలుగా లాగుతాం. లాగిన ప్రతిసారీ కత్తి మొదలు రాయి అంచు దాటి బయటికి వెళ్తుంది. ఆ అంచు మొనదేలి ఉంటే ఇక చెప్పేదేముంది. మూడో లాగుడో నాలుగోదో, టిక్‌మంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. లైటు కింద భూతద్దం పెట్టి చూస్తే పిడి వైపు వాదరలో నువ్వుగింజలో సగమంత గండి.

అప్పుడు రాయి అంచు గోరుతో గీరాను. వార్నిష్ పొరలు పొరలుగా లేచొచ్చింది. కింద చూస్తే మిషన్ మీద ఎండుగా పట్టించిన అంచు, ఎలుక కొరికినట్టు పెచ్చులు పెచ్చులు. 1000 వైపు పెచ్చుల్లోంచి రాలిన గరుకు రజను 8000 వైపుకి కూడా చేరింది. వాదరకి మెరుపు రావాల్సిన చోట సన్నటి గీతలు పడ్డాయి.

వెంటనే ఫోన్ చేశాను. కొనేటప్పుడు "అన్నయ్యా, మనం మనం తెలుగోళ్లం, మీకు తక్కువ చేస్తానా" అన్న మనిషే. నేను చెప్పిందంతా విన్నాడు. కాసేపు పలకలేదు. తర్వాత, నేనెవరో ముక్కూమొహం తెలియనివాణ్ణైనట్టు ఒడియాలో అందుకున్నాడు. "మోర దాయిత్వ నుహే." నా బాధ్యత కాదు అని. నేను బడిలో చదివిందే ఒడియా, ఆ భాషతో నాకేం పేచీ లేదు. డబ్బు తీసుకోవడానికి తెలుగు, తప్పించుకోవడానికి ఇంకో భాషా? అది నాకు మండింది. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం మళ్లీ తెలుగులోకి వచ్చి ఒక మాటన్నాడు: "మీ చెయ్యి వణికి ఉంటుంది."

నా చెయ్యి వణికితే రోజూ నా ముందు మెడ ఎత్తి కూర్చునేవాళ్లు ఎవరు? 4,200 పోతే పోయాయి, మళ్లీ సంపాదించుకుంటాను. ఆ మాట మాత్రం మూడు రోజులైనా చెవుల్లోంచి పోవడం లేదు. ఆ గండి పోవాలంటే వాదర మొత్తాన్ని ఆ లోతు దాకా 1000 మీద అరగదీయాలి. అరిగేది మా తాత కత్తి.

కొనేవాళ్లు అంచుల పనికి ఎవరికీ డబ్బు కట్టకండి, ఇంట్లోనే అయిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో 400 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే ఉప్పుకాగితం) తెచ్చుకుని, టైలు మీద పరిచి, నీళ్లు పోసి, రాయిని 45 డిగ్రీలు వాల్చి మెల్లగా లాగండి. అన్ని అంచులూ, మూలలూ ఒక మిల్లీమీటరు మేర తీస్తే చాలు. ఎండుగా మాత్రం రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. పని అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో నీళ్ల ధార కింద కడగండి. రాయి పైభాగం సమం చేసినప్పుడల్లా అంచు మళ్లీ మొనదేలుతుంది, మళ్లీ తీసుకోవాలి.

పాతపట్నం నుంచి ఒక తమ్ముడు నిన్న ఫోన్ చేసి, అదే మనిషికి 500 అడ్వాన్సు ఇచ్చానన్నాడు. తమ్ముడూ, మిగతా డబ్బు వేయకు. రాయిని తడిపి అన్ని అంచులూ దగ్గర నుంచి వీడియో తీసి పంపమను. అంచుకి వార్నిష్ కనిపిస్తే ఆ 500 వదిలేసుకో.