గ్లోబ్ థియేటర్‌లో నేల టికెట్టే కొనండి

లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల చూడాలనుకునేవాళ్ళకి ముందు ఒక్క మాట: టికెట్ థియేటర్ వాళ్ళ సొంత సైట్‌లోనే కొనండి. 2024 వేసవిలో ఒక మధ్యవర్తి సైట్‌లో రెండు గ్యాలరీ సీట్లకి ఒక్కోదానికి 68 పౌండ్లు కట్టాం. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మామయ్యగారు ఎక్కువసేపు నిలబడలేరు, అందుకని ఆ సీట్లు. తీరా లోపలికి వెళ్తే ఇద్దరికీ ఎదురుగా వేదిక మీది స్తంభం! టికెట్ మీద అసలు ధర 25 పౌండ్లనీ, చూపుకి అడ్డం ఉంటుందనీ థియేటర్ వాళ్ళు స్పష్టంగానే అచ్చువేశారు. అమ్మిన సైట్‌లో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. అడిగితే డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. మామయ్యగారు సగం నాటకం మెడ పక్కకి వంచే చూశారు. విరామంలో "రాజుగారి మాట వినపడుతోంది, రాజుగారే కనపడటంలేదు" అని, తర్వాత రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు.

పిల్లలూ మేమూ 10 పౌండ్ల నేల టికెట్ల మీద, వేదిక అంచుకి మోచేతులు ఆనించి మొత్తం నాటకం చూశాం. 5 పౌండ్లకీ కొన్ని ఉండేవి కానీ అవి ముందే అయిపోయాయి. మన పాత సినిమా హాళ్ళలో నేల టికెట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ కింద కూర్చోనివ్వరు. అసలు గ్లోబ్ కట్టిన 1599లో కూడా ఇదే పద్ధతి. ఒక పెన్నీ ఇస్తే ఆకాశం కింద నేల మీద నిలబడటం, ఇంకో పెన్నీకి గ్యాలరీ, మరో పెన్నీకి మెత్త. ఇప్పుడూ గ్యాలరీలో చెక్క బల్లలే, వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మెత్త అద్దెకి తీసుకోండి, బద్ధకించవద్దు. ఆనుకోవాలంటే ఏ గ్యాలరీలోనైనా చివరి వరస అడగండి, వెనక గోడ ఉంటుంది.

ఆ స్తంభాల మీద మామయ్యగారికి కోపం వచ్చింది గానీ, వాటికో కారణం ఉంది. వేదిక మీది పైకప్పుని మోసేవి అవే. ఆ కప్పు వాన నుంచి కాపాడింది నటుల్ని మాత్రమే కాదు, వాళ్ళ బట్టల్ని కూడా. అప్పట్లో పక్కనే ఉన్న రోజ్ థియేటర్ యజమాని ఫిలిప్ హెన్స్‌లో లెక్కల పుస్తకం ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో ఒక నాటకం రాసినవాడికి ముట్టేది 6 పౌండ్ల చుట్టుపక్కల. అదే రోజుల్లో జరీ పనిచేసిన నల్ల వెల్వెట్ అంగీ ఒక్కదానికి 20 పౌండ్ల పైన. ఎవరు ఏ గుడ్డ కట్టాలో అంతస్తుని బట్టి చట్టాలు నిర్ణయించిన కాలం అది. ప్రభువులు చనిపోతూ సేవకులకి ఇచ్చిన దుస్తుల్ని ఆ సేవకులు నటులకి అమ్ముకునేవారు. నిజమైన ప్రభువు కట్టిన పట్టుబట్టే నాటకంలో ప్రభువు ఒంటి మీదికి వచ్చేది. ఆ స్తంభాల్ని దగ్గరికి వెళ్ళి చూడండి. చెక్క మీద రంగులు వేసి, అచ్చం పాలరాయే అనిపించేలా గీతలు దించారు. తల ఎత్తితే కప్పు లోపలి వైపు రాశిచక్రం కనపడుతుంది.

ఇది అసలు గ్లోబ్ కాదు. కొందరు గైడ్లు "షేక్‌స్పియర్ ఇక్కడే నటించాడు" అని చెప్పేస్తున్నారు, అది తప్పు. అసలుది 1613 జూన్ 29న కాలిపోయింది. ఎనిమిదో హెన్రీ మీద నాటకం ఆడుతూ పేల్చిన ఫిరంగి నిప్పు పైకప్పు గడ్డికి అంటుకుంది. ఎవరూ చనిపోలేదు. ఒకాయన లాగుకి నిప్పంటుకుంటే సీసాలో ఉన్న బీరు పోసి ఆర్పారట. మరుసటి ఏడాదే పెంకుల కప్పుతో మళ్ళీ కట్టారు. 1642లో పార్లమెంటు నాటకాలన్నీ ఆపించింది. ఇప్పుడున్నది 1997లో తెరిచింది. సామ్ వనమేకర్ అనే అమెరికా నటుడు దీనికోసం దశాబ్దాలు తిరిగాడు, తీరా తెరిచే రోజుకి ఆయన లేడు. ఓక్ దూలాలకి చెక్క మేకులు, గోడలకి మేక వెంట్రుకలు కలిపిన సున్నం. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డి కప్పుకి అనుమతి దొరికిన మొదటి కట్టడం ఇదే, అందుకే కప్పు మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టారు. అసలు చోటు ఇక్కడికి 230 మీటర్ల దూరంలో, పార్క్ స్ట్రీట్‌లో ఉంది. ఒక ఫలకం, నేల మీద గుర్తులు, అంతే. డబ్బేం అక్కర్లేదు, పది నిమిషాల్లో చూసి రావచ్చు.

మనవాళ్ళకి ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఎలిజబెత్ రాణి 1600 చివరి రోజున పత్రం ఇచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నం రేవుకి వచ్చి, అక్కడ వ్యాపార కోఠీ పెట్టింది. ఆ ఓడ పేరు కూడా గ్లోబే. ఇక్కడ అసలు గ్లోబ్ ఇంకా కాలకముందే జరిగిన సంగతి. పెద్దవాడికి అది చెప్పగానే థేమ్స్ వైపు తిరిగి చాలాసేపు నిలబడిపోయాడు.

నేల టికెట్ తీసుకున్నవాళ్ళు ఆట మొదలవడానికి ముప్పావుగంట ముందే వరసలో ఉండాలి. వేదిక అంచు దొరికితే ఆనుకోవచ్చు, లేకపోతే వెనక గ్యాలరీ గోడ దగ్గరికి వెళ్ళండి. మధ్యలో నిలబడితే రెండో గంటకి నడుము పట్టేస్తుంది. వాన పడినా ఆట ఆగదు, గొడుగు తెరవనివ్వరు. పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఒకటి బ్యాగులో పెట్టుకోండి. మధ్యాహ్నం ఆటకి ఎండ ముఖం మీదే ఉంటుంది. అయినా నేను మధ్యాహ్నం ఆటకే ఓటు వేస్తాను. దీపాలు లేని ఆ రోజుల్లో ఆట మధ్యాహ్నమే ఉండేది, చూసేవాళ్ళ ముఖాలు నటులకి కనపడేవి. ఇప్పుడూ అంతే, నటుడు మన కళ్ళలోకి చూసి మరీ మాట్లాడతాడు. చిన్నదానితో అలా మాట్లాడేసరికి అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ ఆటలు ఎక్కువగా ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా. చలికాలంలో పక్కనే ఉన్న చిన్న హాలులో కొవ్వొత్తుల వెలుగులో ఆడతారు, అక్కడ నేల టికెట్ ఉండదు.

నాటకశాలలు నదికి ఈవలి ఒడ్డున ఎందుకంటే, నగరపాలకుల మాట ఇక్కడ చెల్లేది కాదు. వాళ్ళకి నాటకమంటే పడేది కాదు. 1572 చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నటుడు దేశదిమ్మరి కిందే లెక్క. అందుకే ప్రతి బృందానికీ ఒక ప్రభువు పేరు ఉండేది. 1603లో ఎలిజబెత్ తర్వాత గద్దెనెక్కిన జేమ్స్ రాజు షేక్‌స్పియర్ బృందాన్ని ఏకంగా తన పేరు మీదికి తీసుకున్నాడు. రాజులు థియేటర్‌కి రారు, నటులే రాజుగారింటికి వెళ్ళాలి.

ఆ ఇల్లు చూడాలంటే హాంప్టన్ కోర్ట్. వాటర్లూ నుంచి రైల్లో 35 నిమిషాలు. హాంప్టన్, హాంప్టన్ విక్ అని వేరే స్టేషన్లు రెండున్నాయి, పేరు చూసి అక్కడ దిగితే దారి తప్పినట్టే. ‘హాంప్టన్ కోర్ట్’ అని పూర్తిగా ఉన్న రైలే ఎక్కండి. 2024లో టికెట్ 27 పౌండ్ల పైచిలుకు పడింది, ప్రతి పౌండూ గిట్టుబాటే. 1603 క్రిస్మస్‌కి షేక్‌స్పియర్ బృందం జేమ్స్ రాజు ముందు ఆడిన గ్రేట్ హాల్ అలాగే ఉంది. ఆ హాలులో చెక్క తెర మీద ఎనిమిదో హెన్రీ, ఆయన రెండో భార్య ఆన్ బోలిన్ పేర్ల మొదటి అక్షరాలు పెనవేసి చెక్కినవి వెతకండి. 1536లో ఆన్ తల తీయించాక ఆమె గుర్తులన్నీ చెరిపించారు, అవి మాత్రం పనివాళ్ళ కంట పడలేదు. బయట 1540 నాటి గడియారం లండన్ బ్రిడ్జ్ దగ్గర నది పోటు ఎప్పుడో కూడా చెబుతుంది. రాజు పడవలో వెళ్ళేవాడు కాబట్టి ఆ సమయం తెలియాలి. అత్తయ్యగారి ముఖంలో నవ్వు తిరిగి వచ్చింది ఇక్కడి వంటశాలలోనే. ఆ పొయ్యిల ముందు నిలబడి "ఎన్ని వందలమందికి వండేవారో" అని మూడుసార్లు అన్నారు.

పాత రాజకోట టవర్ ఆఫ్ లండన్‌కి 2024లో 34.80 పౌండ్లు, జనం బాగా ఎక్కువ. పొద్దున్నే వెళ్ళండి.

రాజుల సమాధులున్న చర్చి వెస్ట్‌మినిస్టర్ అబ్బేకి 29 పౌండ్లు కట్టాం. ఆదివారం పర్యాటకుల్ని రానివ్వరు. ఏడో హెన్రీ చాపెల్‌లో ఎడమ వైపు నడవలోకి తప్పకుండా వెళ్ళండి. పాలరాతి బొమ్మ ఎలిజబెత్‌ది ఒక్కదే, కానీ కింద ఇద్దరున్నారు. 1554లో ఆమెని టవర్‌లో పెట్టించిన సవతి అక్క మేరీ కూడా అక్కడే ఉంది. ‘రాజ్యంలోనూ సమాధిలోనూ భాగస్వాములమైన అక్కాచెల్లెళ్ళం ఇక్కడ నిద్రిస్తున్నాం’ అని లాటిన్‌లో చెక్కించింది జేమ్స్ రాజు. ఎదురు నడవలో ఎలిజబెత్ తల తీయించిన స్కాట్లండ్ రాణి మేరీ సమాధి, అది కట్టించిందీ ఆయనే, ఆమె కొడుకు. రెండింటికీ కలిపి అరగంట పెట్టుకోండి. గైడ్లు ఐదు నిమిషాల్లో బయటికి తీసుకొచ్చేస్తారు.